గోప్యత కావాలంటే మీరే చూసుకోవాలా?

సందేశాన్ని మూడోవాడు చదవలేకుండా చేసే ఎన్‌క్రిప్షన్ గురించి చర్చ మొదలైతే చాలు, ఒక పెద్దమనిషి వాదన తయారవుతుంది. రహస్యం కావాల్సినవాళ్లు ఏదో ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చుకుని వాడుకుంటారు కదా, అందరి ఫోన్లలో ముందే పెట్టి ఇవ్వడం దేనికి అని. ఈ వాదన పాతికేళ్ల కిందటే వీగిపోయింది.

1999లో ఆల్మా విట్టెన్, డగ్ టైగర్ అనే పరిశోధకులు 12 మంది చేతికి పీజీపీ 5.0 అనే మెయిల్ ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. అందరికీ ఈమెయిల్ కొట్టినపిండే. ఎన్నికల ప్రచార బృందానికి రహస్యం పంపాలి, గడువు 90 నిమిషాలు. సంతకం చేసి, ఎన్‌క్రిప్ట్ చేసి సరిగ్గా పంపగలిగింది మూడో వంతు మందే. ముగ్గురైతే ఆ రహస్యాన్ని మామూలు మెయిల్‌లోనే పంపేశారు!

పీజీపీ వెనకున్న పబ్లిక్ కీ సూత్రంలో చిక్కేమీ లేదు. తెరిచిన తాళాలు ఊరంతా పంచి, తాళంచెవి మాత్రం మన దగ్గరే ఉంచుకోవడం. చిక్కంతా ఏ కీ ఎవరిదో తేల్చుకోవడంలో, దాన్ని భద్రం చేసుకోవడంలో ఉంది. ఆ బరువు వాడేవాడి నెత్తిన పెట్టినంత కాలం 12 మందిలో ఎనిమిది మంది ఓడిపోతూనే ఉంటారు. 2016 ఏప్రిల్‌లో వాట్సాప్ ఆ బరువు తానే మోసింది. వంద కోట్ల మంది సందేశాలకు రక్షణ వచ్చింది, ఎవరూ ఏమీ నేర్చుకోనక్కర్లేకుండా. ఈమెయిల్ మాత్రం 1999 దగ్గరే ఆగిపోయింది. థండర్‌బర్డ్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్ 2020లో పీజీపీ తరహా ఓపెన్‌పీజీపీని తనలో కలుపుకున్నా, కీ తయారుచేసుకుని ఆన్ చేసుకోవాల్సింది మళ్లీ మనమే.

మన ప్రభుత్వం మాత్రం ఈ రక్షణ కుదిరిన ఒక్కచోటే చెయ్యి పెడుతోంది. సందేశాలను మామూలు రూపంలో 90 రోజులు దాచి ఉంచాలన్న 2015 ముసాయిదాను గగ్గోలు రేగాక వెనక్కి తీసుకుంది. తర్వాత 2021 ఐటీ నిబంధనల్లో 4(2) అనే నిబంధన తెచ్చింది. కోర్టో ప్రభుత్వమో ఆదేశిస్తే సందేశాన్ని మొదట ఎవరు పంపారో మెసేజింగ్ కంపెనీలు చెప్పాలట. సందేశంలోని విషయం అడగడం లేదు కదా అంటారు. రేపు ఏ సందేశం మీద ఆదేశం వస్తుందో తెలియనప్పుడు, ఈరోజు అందరి సందేశాలకూ గుర్తు వేసి పెట్టుకోక తప్పదు. ఆ సంగతి చెప్పరు.

పోలీసుల ఇబ్బంది అబద్ధమని అనను. పిల్లలపై నేరాల కేసుల్లో ఆధారం దొరక్కపోతే ఎవరికైనా మండుతుంది. కానీ నిందితుడి ఫోన్ స్వాధీనం చేసుకోవచ్చు; ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్న వివరాలు ఎన్‌క్రిప్షన్ ఉన్నా కంపెనీలకు అందుతూనే ఉన్నాయి. పైగా నాయకుల, పాత్రికేయుల ఫోన్లు దొంగచాటుగా విన్నారన్న ఆరోపణలపై 2024లో కేసు పెట్టుకున్న తెలంగాణలో కూర్చుని, వినేవాళ్లంతా సత్యసంధులని నమ్మమంటారా?

4(2) లాంటి నిబంధనతో ముందే అమర్చిన రక్షణ తీసేస్తే దొరికేదెవరో ఆ 12 మందిలోనే చూసుకోండి. పీజీపీ నేర్చుకునే ఓపిక, అవసరం ఉన్న నేరగాడు గెలిచిన నలుగురిలో చేరిపోతాడు. ఓడిన ఎనిమిది మందిలో మిగిలేది మొగుడు కొట్టిన సంగతి అక్కకు రాసుకునే ఇల్లాలు, పై అధికారి లంచం గుట్టు విలేకరికి చెప్పాలనుకునే గుమాస్తా. ఈ నిబంధన పట్టుకోబోయేది వాళ్లనే.