డిజైన్ సీటొచ్చిందా? ల్యాప్‌టాప్ దగ్గర తొందరపడకండి

డిజైన్ కోర్సులో సీటు రాగానే ఇంట్లో ఫీజు తర్వాత లెక్కకొచ్చే పెద్ద ఖర్చు ల్యాప్‌టాప్. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఇళ్లకు అదొక పంట డబ్బు. లేదంటే నెలనెలా కట్టాల్సిన వాయిదా. అందుకే దుకాణం వాళ్లు చెప్పిందాన్ని బట్టి కాకుండా, మీ చదువు అడిగేదాన్ని బట్టి కొనండి.

డిజైన్ అనగానే దుకాణంలో రంగుల దీపాల కీబోర్డున్న గేమింగ్ ల్యాప్‌టాప్ ముందుకు జరుపుతారు. గ్రాఫిక్స్ కార్డు పేరు చూసి మనమూ తలూపేస్తాం. ఆ కార్డు నిజంగా కావాల్సింది త్రీడీ, యానిమేషన్, భారీ వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు. లోగోలు, పుస్తకాల లేఅవుట్లు, మొబైల్ యాప్‌ల తెరలు గీసేవాళ్లకు మామూలు ప్రాసెసర్‌తో వచ్చే గ్రాఫిక్స్ చాలు. మీరు వెళ్లేది ఏ విభాగమో తేలకుండా వేలకు వేలు ఆ కార్డు మీద పోయడం దేనికి?

అసలు చూడాల్సింది స్క్రీన్. దుకాణంలో దాని గురించి అడిగేవాళ్లు తక్కువ, చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. తక్కువ ధర గేమింగ్ ల్యాప్‌టాప్‌లు కొన్నింటి వివరాల్లో ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంటుంది. అంటే వెబ్‌కు ప్రామాణికమైన ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో ఆ తెర చూపించేది మూడింట రెండు వంతుల లోపే. పలాస జీడిపప్పు ప్యాకెట్‌కు మీరొక ఎరుపు వేశారనుకోండి. తెర మీద వెలిసినట్టు కనిపిస్తుంది. సరిపోలేదని ఇంకాస్త పెంచుతారు. అదే ఫైలు మంచి ఫోన్‌లో తెరిస్తే ఎరుపు కళ్లలో పొడుస్తుంది. (అచ్చులో రంగు మళ్లీ వేరే కథ!) ‘వంద శాతం ఎస్‌ఆర్‌జీబీ’ అని కంపెనీ వెబ్‌సైట్లో రాసి ఉంటేనే ముందుకెళ్లండి. నోటిమాట నమ్మొద్దు.

ర్యామ్ 16 జీబీ ఉండాలి. బడ్జెట్ చాలక 8 జీబీతో సరిపెట్టుకోవాల్సి వస్తే, తర్వాత పెంచుకునే స్లాట్ ఉందో లేదో తప్పకుండా అడగండి. పలచటి మోడళ్లు చాలావాటిలో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది. ఇక పెంచడమంటూ ఉండదు.

మ్యాక్‌బుక్ మీద మోజు పడేవాళ్లకు ఒక మాట. దాని తెర బాగుంటుంది, కాదనం. కానీ రెవిట్, సాలిడ్‌వర్క్స్, త్రీడీఎస్ మ్యాక్స్ విండోస్ కోసం తయారైనవి. ఇంటీరియర్, ప్రొడక్ట్ డిజైన్‌కు వెళ్లేవాళ్లు ఇది మరవొద్దు. సెలవుల్లో ఊళ్లోని ఫ్లెక్సీ షాపులోనో డీటీపీ సెంటర్‌లోనో నాలుగు డబ్బులు సంపాదించుకుందామన్నా అక్కడ నడిచేది విండోస్‌లో కోరల్‌డ్రా, అను ఫాంట్లే. ఆ ఫాంట్లు లేని సిస్టమ్‌లో వాళ్ల తెలుగు ఫైలు తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి.

సెకండ్ హ్యాండ్ తప్పేమీ కాదు, చవకగా కొని మంచి పని చేసేవాళ్లున్నారు. అయితే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్ 6, 7 తరాల ప్రాసెసర్లలో దాదాపు ఏవీ విండోస్ 11కు అధికారికంగా పనికిరావు. ‘ఐ5 అండీ, సూపరండీ’ అంటే సరిపోదు, ఎన్నో తరం ఐ5 అని అడగాలి. ఎనిమిదికి తగ్గితే వదిలేయండి.

మన ప్రాంతానికి ఇంకో చిక్కుంది. పాడైతే ఎక్కడికి తీసుకెళ్లాలి? ఇచ్ఛాపురం నుంచి విశాఖ రెండువందల కిలోమీటర్ల పైమాటే. పోయి రావడానికే ఒక రోజు. అందుకే ఇంటికొచ్చి బాగుచేసే ఆన్‌సైట్ వారంటీ ఉన్నది చూసుకోండి. ఆ సేవ మీ పిన్‌కోడ్‌కు వర్తిస్తుందో లేదో కొనేముందే కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి కనుక్కోండి. బిల్లు చేతికొచ్చాక అడిగి లాభం లేదు.

ఇంకా సీటే రానివాళ్లు అసలు దుకాణం వైపు వెళ్లనక్కర్లేదు. ఎన్‌ఐడీ, నిఫ్ట్, యూసీడ్ ప్రవేశ పరీక్షల్లో చేత్తో గీసే భాగం ఉంటుంది. అక్కడ పనికొచ్చేవి పెన్సిలూ, స్కెచ్‌బుక్కూ. సీటొచ్చినవాళ్లు కూడా తరగతులు మొదలయ్యేదాకా ఆగితే మంచిది. ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో మీ విభాగంలోని సీనియర్లే చెబుతారు. పైగా ఆటోడెస్క్ సాఫ్ట్‌వేర్లు, ఫిగ్మా విద్యార్థులకు ఉచితం. ఎడోబీకి విద్యార్థి ధర వేరుగా ఉంటుంది. వాటికి మీరు విద్యార్థి అని రుజువు చూపాలి కాబట్టి కాలేజీ ఐడీ కార్డు చేతికొచ్చేదాకా వాటికీ డబ్బు కట్టకండి. బ్లెండర్, ఇంక్‌స్కేప్, క్రిటాలకు ఏ కార్డూ అక్కర్లేదు. ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ ఓపిక పడితే ఇంక్‌స్కేప్‌తో ఈ రోజే మొదలుపెట్టొచ్చు.