నొప్పిలేని పుండు

రాచపుండు అన్న మాటను మన ఇళ్ళలో పెద్దవాళ్ళు గట్టిగా పలకరు. పేరు తలిస్తేనే వచ్చి కూర్చుంటుందేమోనని భయం. ఇప్పుడు మనం కాన్సరు అంటున్నాము గాని, భయం మాత్రం పాతదే. ఈ భయంవల్ల ఒక చిత్రమైన చిక్కు వచ్చిపడింది. ఆ జబ్బంటే భరించలేని బాధ ఉంటుందనీ, ఆరు నెలల్లో మనిషి చిక్కి శల్యమైపోతాడనీ అందరి మనసుల్లోనూ ఒక బొమ్మ నిలిచిపోయింది. అందుచేత నొప్పి పెట్టకుండా, తిండికీ నిద్రకూ అడ్డు రాకుండా, ముఖంమీద శనగగింజంత పొక్కు ఏళ్ళ తరబడి కూర్చుంటే దాన్ని అనుమానించేవారే ఉండరు.

ఈ వారం అటువంటి పొక్కును గురించే వ్రాస్తున్నాను. చర్మానికి వచ్చే కాన్సర్లలో ప్రపంచం మొత్తంమీద ఎక్కువమందిలో కనిపించేది ఇదే. బేసల్ సెల్ కార్సినోమా అని డాక్టర్లు పెట్టుకున్న పేరు. చర్మపు పైపొరలో అన్నిటికన్నా అడుగున ఒక వరుస కణాలుంటాయి. పాత చర్మం రాలిపోతూంటే కొత్త చర్మాన్ని పుట్టించేవి అవే. ఏళ్ళ తరబడి నెత్తిన పడిన ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ కణాలలో కొన్నిటిని చెడగొడతాయి. అదుపు తప్పిన కణం పక్కనున్న చోటును మెల్లమెల్లగా ఆక్రమించుకుంటూ పోతుంది. 1827లో డబ్లిన్ నగరపు కంటివైద్యుడు ఆర్థర్ జాకబ్ కనురెప్పల దగ్గర వచ్చే ఇటువంటి పుండును వర్ణించి వ్రాశాడు. తరువాత ఇంగ్లీషు వైద్యులు దీనికి ‘కొరుక్కుతినే పుండు’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. ఎంత సరైన పేరో చూడండి! గదిలో ఎలుక తిరుగుతున్నట్టు చప్పుడైనా కాదు. బట్ట మడత విప్పినప్పుడు గాని చిల్లు కనపడదు.

“అది తెల్లవాళ్ళ జబ్బు కదండీ, మనకెందుకు?” అని చదువుకున్నవారే అడుగుతూంటారు. సగం నిజం. మన చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ అన్న రంగు ఎండకు గొడుగులా అడ్డు నిలుస్తుంది. కాబట్టి మనలో ఈ జబ్బు తక్కువ. తక్కువ అంటే లేదని కాదు. పైగా తెల్లవారికి ఇది గులాబిరంగు ముత్యంలా కనిపిస్తే, మనకు తరచు నల్లగానో బూడిదరంగులోనో కనిపిస్తుంది. ఇంకేం, పుట్టుమచ్చ అనో, పులిపిరి అనో పేరు పెట్టి ఊరుకుంటాము. పుట్టుకతోనే ఒళ్ళంతా, జుట్టుతో సహా, రంగు లేని పిల్లలుంటారు. వారికి ఆ గొడుగే లేదు. (దీన్ని బొల్లితో కలిపెయ్యకండి, అది వేరు.) అటువంటి బిడ్డ మీ ఇంట్లో ఉంటే టోపీ, పొడుగు చేతుల చొక్కా, నీడపట్టున ఆట అన్నవి అన్నంతోపాటు అలవాటు చెయ్యాలి.

కోరుట్ల నుంచి నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ సంగతి చెబుతాను. వయసు అరవై దాటింది. వయసులో ఉండగా నాట్లకూ, కోతలకూ, పసుపు తవ్వకానికీ పోయిన మనిషి. ఓపిక తగ్గాక ఒళ్ళో చేట పెట్టుకొని తునికాకు కత్తిరించి బీడీలు చుడుతోంది. ముక్కుకు ఎడమపక్క, సరిగ్గా ముక్కుపుల్ల పెట్టుకునే చోట చిన్న బుడిపె లేచింది. “పుల్ల ఒరుసుకున్నదనుకున్న సారూ. నొప్పి లేదు, సలుపు లేదు. ఏమైతదని ఊకున్న” అన్నది. ముఖం కడుక్కున్నప్పుడల్లా రవ్వంత నెత్తురు కనిపించేది. మర్నాటికి పక్కు కట్టేది. పది రోజులకు ఆ పక్కు ఊడి మళ్ళీ నెత్తురు. ఇలా రెండేళ్ళు!

ఆ రెండేళ్ళూ ఆవిడ ఊరికే కూర్చోలేదు. మొదట ఎవరో జిల్లేడుపాలు వెయ్యమన్నారు. తరువాత సున్నం. ఆ తరువాత మందుల దుకాణంలో అడిగితే ఒక గొట్టం ఇచ్చారట, అందులో ఉన్నది స్టెరాయిడు. కాల్చే మందులతో వచ్చే ప్రమాదం ఏమిటంటే, పైన పుండు మానినట్టే కనిపిస్తుంది. పైచర్మం మూసుకుంటుంది, కింద వేళ్ళు మాత్రం పక్కలకు పాకుతూనే ఉంటాయి. మొదట్లో నాలుగు కుట్లతో పోయేది, ఆవిడకు ముక్కు రెక్కలో కొంత తీసివేసి, చెంప చర్మాన్ని జరిపి కుట్టవలసివచ్చింది. ఆపరేషనుకు ముందు ఆవిడ నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: “మల్ల ముక్కుపుల్ల పెట్టుకోవచ్చునా?” బ్రతుకుతానా అని కాదు! కుడిపక్క కుట్టించుకోవచ్చు అంటే అప్పుడు ఒప్పుకుంది. కొడుకు మాత్రం మూలన నిలబడి ఎన్ని రోజుల పని పోతుందో వేళ్ళమీద లెక్కపెడుతున్నాడు. అతన్నీ తప్పు పట్టలేము.

ఇక వైద్యం. మొదటి మెట్టు, మందు సూది వేసి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూడటం. “కత్తి తగిలితే కాన్సరు పాకుతుంది” అన్న మాట ఎవరు పుట్టించారో గాని, ఎంతమందినో ఇంట్లోనే కూర్చోబెట్టింది. ముక్క తీసినందువల్ల ఇది పాకదు, తియ్యకపోతే పాకుతుంది. జబ్బు తేలిన తరువాత చిన్న పుండయితే చుట్టూ నాలుగు మిల్లీమీటర్ల మేర మంచి చర్మంతో సహా తీసి కుడతారు. తీసిన ముక్క అంచులను మళ్ళీ పరీక్షిస్తారు. అంచు శుభ్రంగా ఉంటే చాలామందికి అంతటితో సరి. ఈ కాన్సరు దూరపు అవయవాలకు పోవటం చాలా అరుదు. కాని కంటి మూలలోనో, ముక్కుమీదనో, చెవి దగ్గరో ఉంటే చోటు చాలదు. 1930లలో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఫ్రెడరిక్ మోస్ అన్న వైద్యుడు దీనికొక ఉపాయం కనిపెట్టాడు: ఒక్కొక్క పలుచని పొర తియ్యటం, సూక్ష్మదర్శినిలో చూడటం, ఏ మూల మిగిలిందో ఆ మూలనే మళ్ళీ తియ్యటం. కత్తికి తట్టుకోలేని ముసలివారికి రేడియేషను ఇస్తారు. పూతమందులు పైపైన ఉన్న రకానికి మాత్రమే పనికివస్తాయి, అదీ డాక్టరు చూసి చెబితేనే. చెయ్యి దాటిపోయిన కేసులకు 2012 నుంచి విస్మోడెజిబ్ అన్న మాత్ర ఉన్నది. ఖరీదు ఎక్కువ, బాధలూ ఎక్కువే. అంతదాకా రానివ్వటమెందుకు?

సిరిసిల్ల వారు “మేము నీడలో మగ్గాల దగ్గర ఉంటాము, మాకేం ఎండ?” అంటారు. ముఖానికి సంబంధించినంతవరకు సరే. కాని నడుమును మరిచిపోవద్దు. పొద్దస్తమానం నిలబడి పనిచేసే ఆడవారికి లంగా బొందు ఒకేచోట కోసుకొని నల్లని గాడి పడుతుంది. అది దురద పెట్టి, గీరి గీరి చర్మం మందమవుతుంది. ఏళ్ళ తరువాత అక్కడ మానని పుండు పడితే అది ఈ జబ్బుకు అక్కవంటి పొలుసుకణాల కాన్సరు కావచ్చు. ఇది దీనికన్నా మొండిది, గజ్జల్లోని గ్రంథులకు పాకగలదు. బొంబాయిలో ఖనోల్కర్, సూర్యాబాయి అనే వైద్యులు 1945లోనే ధోవతి బిగించే చోట వచ్చే ఇటువంటి కాన్సరును గురించి వ్రాశారు. అంటే మగవారికీ మినహాయింపు లేదన్నమాట. సన్నని బొందు బదులు వెడల్పాటి పట్టీ కుట్టించుకోండి, రోజూ ఒకేచోట బిగించకండి. ఎప్పటిదో కాలిన మచ్చమీద కొత్తగా పుండు పడినా ఇదే అనుమానం పడాలి.

ఇళ్ళలో తాతగారి ముఖాన్ని ఎవరూ పరీక్షగా చూడరు. గడ్డం గీసుకునేటప్పుడు రోజూ ఒకేచోట నెత్తురు వస్తూంటే ఆయన బ్లేడును తిట్టుకుంటారు. ఒక నెలలో మానని పుండు, మాని మళ్ళీ పగిలే పుండు, అంచు పూసలా ఎత్తుగా మెరుస్తూ నడుమ గుంటపడిన మచ్చ కనిపిస్తే చర్మవైద్యునికి చూపించండి. వెనకటిలా ప్రతిదానికీ పట్నం పరుగెత్తనక్కరలేదు. జగిత్యాలలో 2022లోనూ, సిరిసిల్లలో 2023లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయినాయి. పెద్ద చికిత్స కావలసివస్తే హైదరాబాదులో 1955 నాటి మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు ఆస్పత్రి ఉన్నది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో కాన్సరు వైద్యం చేరి ఉన్నది. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలు చేశారు.

ఒకటి చెప్పటం మరిచేటట్టున్నాను. ముఖంమీద ఏ బుడిపె తీయించుకున్నా, తీసిన ముక్కను పారవెయ్యనియ్యకండి, పరీక్షకు పంపమని అడగండి. ఒకసారి వచ్చినవారికి మరోచోట మరొకటి రావచ్చు గనుక ఆరు నెలలకొకసారి చూపించుకోవాలి. పరీక్ష రిపోర్టును రేషనుకార్డు ఉన్న పెట్టెలోనే దాచండి. నాలుగేళ్ళ తరువాత మరో ఊళ్ళో మరో డాక్టరు దగ్గరికి వెళ్ళినా, ఆయన మొదట అడిగేది ఆ కాగితమే.