పై చదువునకు పట్టెడన్నము

నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము 2007లోను, మహబూబ్‌నగరులో పాలమూరు విశ్వవిద్యాలయము 2008లోను వెలసినప్పుడు, దేవరకొండ తండాల నుండియు, అచ్చంపేట, నారాయణపేట పల్లెల నుండియు వచ్చు బిడ్డలకు పట్నపు ఖర్చు తప్పినదని మనమందరము సంతోషించితిమి. ఆ సంతోషము అకారణమైనది కాదు. కాని చదువు ఇంటి దాపునకు వచ్చినంత మాత్రమున చదువుకొనువాని బ్రతుకు తేలిక కాలేదు; ఎమ్మే, ఎమ్మెస్సీ చదువు యువకుడు నేటికిని పాఠ్యగ్రంథమునకు ముందు అద్దెగదిని, మెస్సు బిల్లును గూర్చి చింతింపవలసియున్నది.

హాస్టలులో చోటు దొరకనివారు నలుగురు కలిసి ఒక గది తీసికొందురు. అట్టి గదిలో ఒక మూల ఇంటినుండి మోసికొనివచ్చిన బియ్యపు మూట, దానిప్రక్కన అమ్మ పెట్టి పంపిన తొక్కు సీసా, చిన్న గ్యాసుబండ, గోడవారగా చుట్టిన చాపలు, వాటిమీదనే పుస్తకములు. ఒకడు వండిన నొకడు గిన్నెలు తోమును. నెలాఖరున కూరగాయలు కొనుట మాని తొక్కుతోనే గడుపుదురు. ఇంటి యజమానికి అద్దె ఒకటవ తేదీన అందవలెను. ప్రభుత్వపు స్కాలర్‌షిప్పు మాత్రము ఎప్పుడు వచ్చునో చెప్పగలవారు లేరు. పేద విద్యార్థి అప్పు ఈ రెండు తేదీల నడుమనే పుట్టుచున్నది.

సంక్షేమ హాస్టళ్ళలో ఇంటరు మొదలు పీజీ వరకు చదువువారి భోజనపు ఖర్చును 2024లో ప్రభుత్వము నెలకు 1500 రూపాయల నుండి 2100కు పెంచినది. మంచి పనియే, మెచ్చుకొనవలసినదే. అయినను లెక్కవేసిన రోజునకు 70 రూపాయలు. ఉదయపు టిఫినుతోగూడ మూడు పూటలు అందులోనే గడవవలెను.

పరిశోధక విద్యార్థుల స్థితి మరింత దుర్భరము. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధించినవానికి 2023 నుండి నెలకు 37,000 రూపాయలు లభించుచున్నవి. అది లేనివానికి కేంద్ర విశ్వవిద్యాలయములో నైనచో నెలకు 8,000 రూపాయల ఆసరా కలదు. ఆ ఆసరా మన రాష్ట్ర విశ్వవిద్యాలయములకు వర్తింపదు. కనుక మనవాడు ప్రొద్దున ఏ ప్రైవేటు కాలేజీలోనో పాఠములు చెప్పి, మిగిలిన పొద్దులో పరిశోధన సాగించును. అతని సిద్ధాంతవ్యాసము ఏండ్లకేండ్లు సాగినచో సోమరితనమని నిందించుట అన్యాయము.

ఆడపిల్లలకు 2023 డిసెంబరు నుండి బస్సు ప్రయాణము ఉచితమైనది. దానివలన పెక్కుమంది అద్దె భారము తప్పించుకొని ఇంటినుండియే వచ్చిపోవుచున్నారు. కాని పొద్దుగూకక ముందే ఊరిబస్సు పట్టుకొనవలసిన పిల్లకు గ్రంథాలయములో సాయంకాలము లేదు. చదువవలసిన గంటలు బస్సులో నిలుచుండుటకే సరిపోవుచున్నవి.

మన పెద్దలు ఈ విషయమును చక్కగా గ్రహించిరి. నిజాం కాలమున పల్లెలనుండి హైదరాబాదు చేరిన విద్యార్థులకు నిలువ నీడ లేనప్పుడు, వనపర్తి సీమలో పుట్టిన కొత్వాలు వెంకటరామారెడ్డిగారు పూనుకొనగా 1918లో రెడ్డి హాస్టలు వెలసినది. పాలమూరు బిడ్డయే యైన సురవరం ప్రతాపరెడ్డిగారు దాని నిర్వహణభారము వహించి, అచట గ్రంథాలయమును పెంపొందించిరి. నాటి నల్లగొండ జిల్లా బొల్లేపల్లిలో జన్మించిన రావి నారాయణరెడ్డిగారు ఆ హాస్టలులో నుండి చదువుకొన్నవారే. అన్నము పెట్టిన చోటనే పుస్తకమును ఉంచుట ఆనాటివారి దూరదృష్టి. ఆనాటి అట్టి హాస్టళ్ళు కులముల పేరిట ఏర్పడినవన్నది నిజమే. ప్రజల పన్నులతో నడచు విశ్వవిద్యాలయము ఆ పనినే కులభేదము లేక, ఎవరి దాతృత్వము కొరకును ఎదురుచూడక చేయగలదు, చేయవలెను.

హాస్టలు లేని విశ్వవిద్యాలయము ఉన్నవారికే విశ్వవిద్యాలయము. శంకుస్థాపనలు ఎన్ని జరిగినను, మొదట ఆడపిల్లలకును పరిశోధకులకును హాస్టలు గదులు కట్టింపవలసినదిగాను, స్కాలర్‌షిప్పును అద్దెవలెనే ఒకటవ తేదీన చెల్లింపజేయవలసినదిగాను, రాష్ట్ర నిధులనుండి జేఆర్ఎఫ్ లేని పరిశోధకునికి నెలకు కనీసము ఆ 8,000 రూపాయలైనను ఇప్పింపవలసినదిగాను ఉభయజిల్లాల శాసనసభ్యులను కోరుచున్నాను.