ఫీజు లేని చదువుకు పూచీకత్తు ఎవరిస్తారు?

డెల్టాకు ఏజెంటు కొత్తవాడు కాదు. కోనసీమ లంకల నుంచి, పశ్చిమ గోదావరి ఊళ్ల నుంచి ఆడకూతుళ్లను కువైట్‌కు, మస్కట్‌కు ఎక్కించింది ఏజెంటే. ఇప్పుడు ఆ పనే చేసే ఇంకో ఏజెంటు టై కట్టుకుని ఏసీ గదిలో కూర్చున్నాడు. వెనక గోడకు యూరప్ పటం, బయట ‘ఓవర్సీస్ కన్సల్టెన్సీ’ అని బోర్డు. రాజమండ్రిలో, కాకినాడలో, భీమవరంలో బీటెక్ ఆఖరి ఏడాది పిల్లల తల్లిదండ్రులు ఆ మెట్లెక్కుతున్నారు. ‘అమెరికా మావల్ల కాదు, తక్కువలో అయ్యే దేశమేదో చెప్పండి’ అని అడుగుతున్నారు.

ఈ ప్రశ్నకు కన్సల్టెన్సీలో నిజాయితీ అయిన జవాబు దొరకడం కష్టం. అక్కడి ప్రైవేటు కాలేజీలు సీటుకింత అని కమీషన్ ఇస్తాయి. ఫీజే లేని ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి కమీషన్ ఇచ్చే అవసరమేముంది? అందుకే ‘జర్మనీ సీటు’ అని చెప్పి బెర్లిన్‌లోని ఏదో ప్రైవేటు కాలేజీకి ఏడాదికి పది లక్షలు కట్టిస్తున్న దుకాణాలున్నాయి. జర్మనీ వెళ్లి ఫీజు కట్టడమంటే గోదావరి గట్టున కూర్చుని నీళ్లు కొనుక్కోవడమే!

ముందు ఒక చరిత్ర గుర్తు చేసుకుందాం. 2000 దశకంలో మన జేఎన్టీయూ పిల్లలు స్వీడన్ దారి పట్టారు. కార్ల్స్‌క్రోనాలోని బ్లెకింగె సాంకేతిక విద్యాసంస్థలో తెలుగు మాట వినపడేది. కారణం ఒక్కటే, అక్కడ ఫీజు లేదు. 2011లో స్వీడన్ యూరప్ బయటి విద్యార్థులకు ఫీజు పెట్టింది. డెన్మార్క్ అంతకు ముందే 2006లో పెట్టింది. ఫిన్లాండ్ 2017లో, నార్వే 2023లో అదే బాట పట్టాయి. ఫ్రాన్స్ 2019 నుంచి మనలాంటి వాళ్లకు ఫీజులు పెంచింది. ఒక్కో తలుపే మూసుకుంటోంది. అన్నయ్య చదివొచ్చిన దేశమని తమ్ముణ్ణి కళ్లు మూసుకుని పంపే రోజులు పోయాయి.

మరి మిగిలిందేమిటి? మా లెక్కలో మొదటిది జర్మనీ, రెండోది ఇటలీ.

జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలావరకు ఇప్పటికీ ట్యూషన్ ఫీజు తీసుకోవడం లేదు. సెమిస్టరుకు వందో, మూడొందలో యూరోలు చందా కింద కడితే సరిపోతుంది. అయితే అక్కడా మినహాయింపులున్నాయి. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి సెమిస్టరుకు 1500 యూరోలు వసూలు చేస్తోంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024 నుంచి మాస్టర్స్‌కు సెమిస్టరుకు 4000 నుంచి 6000 యూరోలు అడుగుతోంది. కాబట్టి దేశాన్ని ఎంచుకోగానే పని అయిపోదు. రాష్ట్రం చూడాలి, విశ్వవిద్యాలయం చూడాలి, ఆ ఊళ్లో గది అద్దె ఎంతో చూడాలి.

ఇంటర్ మార్కుల మెమో పట్టుకుని నేరుగా బీటెక్‌కు వెళ్లిపోదామంటే అక్కడ కుదరదు. బీటెక్ ఇక్కడ చేసి మాస్టర్స్‌కు వెళ్లడమే మన ఇళ్లకు తగిన దారి. అక్కడి మార్కుల లెక్క కూడా వేరు. 1 అంటే అందరికన్నా మెరుగు, 4 అంటే బొటాబొటి పాసు. మన పదిలో నాలుగు పాసు అనుకుంటే, ఏడు సీజీపీఏ అక్కడ 2.5 అవుతుంది. చాలా కోర్సులు గీత గీసేది ఆ దగ్గర్లోనే. విద్యార్థి మిత్రులారా! ఆఖరి సెమిస్టరులో కన్సల్టెన్సీ చుట్టూ తిరగడం కన్నా, రెండో ఏడాది నుంచే బ్యాక్‌లాగ్ లేకుండా చూసుకోవడం ఎక్కువ లాభం. సర్టిఫికెట్ల పరిశీలనకు ఏపీఎస్ అనే పత్రం 2022 నవంబరు నుంచి తప్పనిసరి. దానికి 18 వేల రూపాయలు. దరఖాస్తు విద్యార్థే స్వయంగా పెట్టుకోవచ్చు. మధ్యలో మనిషితో పనిలేదు.

ఇటలీ సంగతి వేరు. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది. తక్కువ ఆదాయమున్న ఇంటి పిల్లలకు ప్రాంతీయ ప్రభుత్వాల స్కాలర్‌షిప్పు ఉంది. వస్తే ఫీజు మాఫీ, భోజనం, కొంత నగదు. కానీ అర్హుల జాబితాలో పేరున్నా నిధులు చాలక డబ్బు రాని సందర్భాలుంటాయి. వచ్చినా దిగిన రోజే చేతికి రాదు. ‘స్కాలర్‌షిప్పు గ్యారంటీ’ అన్నవాణ్ణి నమ్మి ఖాళీ చేతులతో విమానం ఎక్కకూడదు.

అసలు ముడి ఇక్కడుంది. జర్మనీ వీసాకు ఏడాది తిండి ఖర్చు ముందే బ్లాక్డ్ అకౌంటులో చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు. యూరో వంద రూపాయలనుకున్నా దాదాపు 12 లక్షలు. అది ఎవరూ మింగే డబ్బు కాదు. నెలకు 992 యూరోల చొప్పున మన పిల్లవాడి ఖర్చుకే తిరిగొస్తుంది. చదువుతూ ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకోవచ్చు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి పద్దెనిమిది నెలలు గడువిస్తారు. అంతా బాగానే ఉంది. ఆ మొదటి 12 లక్షలు ఎవరు పెట్టాలి?

బ్యాంకులు సాధారణంగా ఏడున్నర లక్షల దాకానే ఆస్తి పూచీకత్తు లేకుండా విద్యారుణం ఇస్తాయి. ఆ పైన పొలమో, ఇల్లో తాకట్టు పెట్టాలి. ఉద్యోగి అయితే పీఎఫ్ తీసి సర్దుకుంటాడు. భూమి ఉన్న ఆసామి పట్టా పెడతాడు. కౌలు రైతు ఏం పెట్టాలి? డెల్టాలో నాట్లేసి, కోసి, ధాన్యం తోలేది ఎక్కువగా కౌలు రైతే. పట్టా ఇంకొకరి పేర ఉంటుంది. 2019 చట్టం ప్రకారం ఇచ్చే సాగుదారు కార్డు పంట రుణానికే దిక్కులేక తిరుగుతోంది, దాన్ని చదువుకు పూచీకత్తుగా ఏ మేనేజరు తీసుకుంటాడు? చివరికి నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటు రాయాల్సిందే. ఫీజు లేని దేశం కూడా భూమిలేని ఇంటికి అందనంత దూరమవుతోంది.

పాలకులు విదేశీ విద్యకు సాయం చేయలేదని అనం. 2022లో తెచ్చిన విదేశీ విద్యా దీవెన ప్రపంచ ర్యాంకుల జాబితాను కొలబద్దగా పెట్టుకుంది. ఎక్కువ ఫీజున్న గొప్ప పేర్లకు కోటి రూపాయలకు పైగా కూడా ఇస్తామంది. ర్యాంకులో లేని జర్మన్ ప్రభుత్వ కాలేజీలో ఫీజు లేకుండా చదవగలిగిన కౌలు రైతు బిడ్డకు కావాల్సింది కోటి కాదు. పన్నెండు లక్షలకు హామీ సంతకం. అది తిరిగొచ్చే డబ్బు. ఒకరికిచ్చే కోటితో ఎనిమిది మందికి హామీ నిలబెట్టవచ్చు.

కాబట్టి మేం అడిగేవి రెండే. బ్లాక్డ్ అకౌంటు మొత్తానికి ప్రభుత్వమే బ్యాంకుకు పూచీ ఉండాలి. కాకినాడ జేఎన్టీయూ పరిధిలోని కాలేజీల్లో జర్మన్ భాష మొదటి ఏడాది నుంచే నేర్పాలి. ఇంగ్లిషులో కోర్సు దొరికినా ఉద్యోగం ఇప్పించేది అక్కడి భాషే.

తల్లిదండ్రులకు మా మనవి ఇంతే. కన్సల్టెన్సీ మెట్లెక్కే ముందు పిల్లవాడితో కూర్చుని కాగితం మీద నాలుగు అంకెలు రాయండి: ఫీజు, అద్దె, వీసాకు చూపాల్సిన డబ్బు, అప్పు మీద వడ్డీ. ఆ నాలుగూ కలిపాక ఏ దేశం చవకో అదే మీ దేశం. ఏజెంటు చెప్పింది ఆ తర్వాత విందురు గాని.