ల్యాప్‌టాప్ దొరలు, మ్యాన్‌హోల్ బతుకులు

ఓట్లకొచ్చే నాయకుడి ముఖం కాదు, చేతిలో ఏముందో చూడండి. 1990ల చివర చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రిగా ల్యాప్‌టాప్‌నే తన గుర్తు చేసుకున్నారు. రాష్ట్రానికి సి.ఇ.ఓ. అని పత్రికలు మోశాయి. 2012 గుజరాత్ ఎన్నికల్లో నరేంద్రమోడీ త్రీడీ బొమ్మగా ఒకేసారి ఎన్నో చోట్ల ప్రత్యక్షమయ్యారు. సరుకు కొత్తదైతే దాన్ని పట్టుకున్నోడూ కొత్తోడేనని మనం నమ్మాలి. అదీ కిటుకు.

మేం కంప్యూటర్‌కి వ్యతిరేకం కాదు. మన పిల్లలకూ అది కావాలి. మా ప్రశ్న ఒక్కటే: యంత్రం ముందుగా ఎవరి దగ్గరికి వచ్చింది?

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ లేచింది. పాకీపనిని నిషేధించిన చట్టం అప్పటికే ఉంది, అది 1993 నాటిది. రక్షణ లేకుండా మనిషిని మురుగు గుంటలోకి దించడం నేరమని 2013 చట్టం చెప్పింది. అయినా 2016 ఆగస్టులో అదే మాదాపూర్‌లో మ్యాన్‌హోల్ నలుగుర్ని మింగింది. మురుగు తీసే 70 చిన్న యంత్రాలు హైదరాబాద్‌కి వచ్చింది 2017లో! అద్దాల మేడకీ ఆ యంత్రాలకీ నడుమ పంతొమ్మిదేళ్లు. తెలివి లేక కాదు, డబ్బు లేక కాదు. గోతిలో దిగేది మనోళ్లు గనక.

ఆ యంత్రం పక్కన నిలబడి ఓట్లడిగిన నాయకుడెవరు? దానికి తళుకు లేదు మరి!

అందుకని వాడకొచ్చి కొత్త ఫోన్ ఊపితే చప్పట్లు కొట్టొద్దు. మా ఊరి మురుగు తీసే యంత్రం ఎప్పుడొస్తదని నలుగురిలో నిలదీద్దాం. బదులు చెప్పనోడికి ఓటెందుకు?