బండి ఎక్కడ ఆగాలి?

పోయిన సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విశాఖపట్నం కారులో వెళ్లాం. ఆరు వందల కిలోమీటర్ల పైచిలుకు దారి. ముందురోజు రాత్రి నా సహచరుడూ మా మరిదీ కాగితం ముందేసుకుని ప్లాను వేశారు. సూర్యాపేటలో టిఫిను, ఏలూరు దాటాక డీజిలూ టీ, రాజమండ్రి దగ్గర భోజనం, అన్నవరంలో ప్రసాదం. అదే సమయానికి వంటింట్లో మా అత్తయ్య కూడా ఒక ప్లాను వేసుకుంది. రాత్రి అన్నం తిన్నాక ఇక మంచినీళ్లు ముట్టలేదు. "పొద్దున్నే ప్రయాణం కదమ్మా" అంది. ఆమెకి అరవై ఎనిమిదేళ్లు. షుగరుంది.

ఈ రెండు ప్లాన్ల గురించే నా గొడవంతా.

కోదాడ దాటాక అత్తయ్య సీట్లో ఇబ్బందిగా కదులుతుంటే నేనే ఆపమన్నాను. "ఇప్పుడేగా ఆగాం" అన్నారు. ఒక పెట్రోలు బంకులో ఆపితే ఆడవాళ్ల మరుగుదొడ్డికి తాళం వుంది. తాళంచెవి కోసం ముగ్గురు మగవాళ్లని అడగాల్సి వచ్చింది. లోపల లైటు లేదు, తలుపుకి గడియ లేదు. నేను బయట తలుపు పట్టుకుని నిలబడ్డాను. కారెక్కుతూ అత్తయ్య కొడుకులతో "నా వల్ల ఆలస్యమైపోయింది నాయనా" అంది. తర్వాత అంతకంటే పెద్ద ఆలస్యమే జరిగింది. మూత్రంలో ఇన్ఫెక్షనొచ్చి పండగ తర్వాత మూడు రోజులు ఆసుపత్రిలో వుంది.

"చెబితే ఆపమా?" అంటారు. ఆపుతారు. కానీ చెప్పాల్సి రావడమే కదా అసలు సమస్య! డ్రైవరు టీకి ఎవరి అనుమతీ అక్కర్లేదు, అది ప్లానులోనే వుంటుంది. వాళ్ల అవసరం షెడ్యూలు. మన అవసరం ఆటంకం. మగవాడికైతే రోడ్డు పక్క ఏ చెట్టయినా చాలు. ఆడవాళ్లు మాత్రం దాహాన్ని చంపుకుని ప్రయాణాన్ని కాపాడాలి.

ఇప్పుడు నాలుగు లైన్ల రోడ్లొచ్చాయి, దారి పొడుగునా హోటళ్లున్నాయి, ఫోనులో మ్యాపుంది, ఇంకా ఈ మాటలేంటని కొందరికి విసుగు. మ్యాపు మరుగుదొడ్డిని చూపిస్తుంది. బండిని ఆపదు. బ్రేకు మీద కాలు ఎవరిదన్నదే ప్రశ్న. నాకు లైసెన్సు వచ్చి పద్నాలుగేళ్లయింది. "హైవే మీద నీకెందుకు రిస్కు" అన్న ప్రేమపూర్వకమైన వాక్యం ఒకటి నన్నిప్పటికీ పక్క సీట్లోనే కూర్చోబెడుతోంది.

శరీరం సంగతి అలా వుంచి కోరిక సంగతి చూద్దాం. రాజమండ్రిలో వీరేశలింగం ఇల్లు చూడాలని నాకెన్నాళ్లుగానో వుంది. 1881 డిసెంబరు 11న ఆయన తొలి వితంతు వివాహం జరిపించిన వూరది. ఆ పెళ్లికి వంటవాళ్లూ నీళ్లు మోసేవాళ్లూ రామంటే రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరి నీళ్లు మోసి, వంట చేసింది. ఆమె తిరిగిన నేల మీద కాసేపు నిలబడాలనుకున్నాను. "హైవే వదిలి వూళ్లోకెళితే గంట పోతుంది. అక్కడేముంది, పాత ఇల్లు" అన్నారు. భోజనం దగ్గర క్రికెట్ స్కోరు చూస్తూ ముప్పావుగంట కూర్చున్నాం. దాన్నెవరూ లెక్కగట్టలేదు.

మన సాహిత్యంలో మజిలీ అంటేనే కథ. కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడి వెంట నడిచే గొల్లపిల్లవాడు ఆగిన ప్రతిచోటా ఏదో వింత చూస్తాడు, ప్రశ్న అడుగుతాడు, కథ పుడుతుంది. ఆగడం, చూడడం, అడగడం. ఈ మూడూ లేకుండా స్త్రీలు యాత్రాకథనాలు తక్కువ రాస్తున్నారని మనం సదస్సుల్లో వాపోతే ఏం లాభం?

నన్ను నేను కూడా నిలదీసుకోవాలి. శరీర రాజకీయాల మీద పత్రాలు చదివినదాన్ని. అయినా ఆ ఉదయం నేను తాగింది అరగ్లాసు నీళ్లు. మనలో ఎంతమందిమి ఊరికి వెళ్లేముందు ఇలాగే చేస్తున్నామో ఒక్కసారి లెక్క చూసుకోండి. మనది కారు. మిరపకోతలకి ఆటోల్లో కిక్కిరిసి వెళ్లే కూలీ స్త్రీలకి ఆపమని అడిగే చనువు కూడా వుండదు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకి ఉచిత ప్రయాణం వచ్చింది. మంచిదే. స్త్రీలు పెద్ద సంఖ్యలో రోడ్డెక్కారు. మరి బస్సు ఎక్కడ, ఎంతసేపు ఆగాలో నిర్ణయించేటప్పుడు వాళ్లనెవరైనా అడిగారా? టికెట్టు లేకపోవడం సగం స్వేచ్ఛ. నీళ్లు తాగి బస్సెక్కగలగడం మిగతా సగం.

వెలుతురూ గడియా నీళ్లూ వున్న మరుగుదొడ్లు ప్రభుత్వాన్నీ రోడ్డు కాంట్రాక్టర్లనీ బంకుల యజమానుల్నీ అడుగుదాం. టోలు మనమూ కడుతున్నాం. కానీ ఇంట్లో ఆ కాగితాన్ని మాత్రం మనమే లాక్కోవాలి. వచ్చే ప్రయాణానికి ప్లాను నేను రాస్తాను. రెండు గంటలకోసారి ఆగుతాం. రాజమండ్రిలో గంట. సగం దారి నేనే నడుపుతాను. అత్తయ్య సీటు పక్కన నిండు నీళ్లసీసా వుంటుంది.