పరీక్ష ఉప్పల్‌లోనే, పక్కకు తిప్పే చెయ్యి ఎక్కడ?

ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ ఉంది. డీఎన్ఏ వేలిముద్రల సంస్థ అనగానే నేరాల కేసులు గుర్తొస్తాయి గానీ, జన్యు జబ్బులను నిర్ధారించడం కూడా దాని పనే. అదే రోడ్డులో హబ్సిగూడ దగ్గర సీసీఎంబీ. కండరాలు క్షీణించే జబ్బు ఏ జన్యువులో లోపం వల్ల వచ్చిందో చెప్పగల శాస్త్రం ఇక్కడికి కూతవేటు దూరంలో ఉంది. అక్కడి నుంచి చిలుకానగర్‌కో, నాచారం, మల్లాపూర్ బస్తీలకో వెళ్లండి. అదే జబ్బుతో మంచం పట్టిన పిల్లవాణ్ని రాత్రిపూట పక్కకు తిప్పడానికి తల్లి తప్ప ఇంకో మనిషి లేదు.

డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ అనే జబ్బు ఎక్కువగా మగపిల్లలకు వస్తుంది. నాలుగైదేళ్ల వయసులో పిల్లవాడు కింద కూర్చుంటే లేవలేడు, తొడల మీద చేతులు ఆనించుకుంటూ తనను తానే ఎక్కినట్టు లేస్తాడు. పన్నెండేళ్లు దాటేసరికి నడక పోతుంది. ఆ తర్వాత వెన్ను వంగుతుంది, ఊపిరితిత్తులు, గుండె బలహీనపడతాయి. స్టెరాయిడ్ మాత్రలు దీన్ని కొంత నెమ్మదింపజేస్తాయి, నయం చేయవు. లోపమున్న జన్యువు చాలాసార్లు తల్లి నుంచి వస్తుంది కాబట్టి అత్తింటివాళ్లు నింద ఆమె మీదే వేస్తారు. సేవ కూడా ఆమె మీదే వేస్తారు.

ఆ సేవ ఏమిటో విడమరిచి చెప్పుకోవాలి, ఎందుకంటే బయటివాళ్లకు అది కనపడదు. రాత్రి రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి, లేకపోతే నడుము దగ్గర, మడమల దగ్గర పుళ్లు పడతాయి. చంకల కింద చేతులు పెట్టి ఎత్తితే బలం లేని భుజాల దగ్గర మనిషి జారిపోతాడు, కీలు దెబ్బతింటుంది. అందుకని దుప్పటితోనో, మోకాళ్ల కింద చెయ్యి వేసో ఎత్తాలి. తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టాలి, గుటక పడిందో లేదో చూసి తర్వాతి ముద్ద పెట్టాలి. దగ్గే బలం లేనివాడికి మామూలు జలుబు కూడా ప్రాణం మీదికి తెస్తుంది, తెమడను సక్షన్ మిషన్‌తో తీయాలి. శ్వాస కండరాలు అలిసిపోయినప్పుడు ఒట్టి ఆక్సిజన్ పెడితే సరిపోదు. లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి మనిషి మత్తులోకి జారుకోవచ్చు, కావలసింది గాలిని లోపలికి నెట్టే బైపాప్ లాంటి యంత్రం. కరెంటు పోతే ఆ యంత్రం ఆగిపోతుంది. అప్పుడు అంబూ బ్యాగ్ ఎలా నొక్కాలో ఇంట్లో ఒకరికైనా తెలియాలి. ఇదంతా నర్సింగ్. మూడు నాలుగేళ్లు చదివి నేర్చుకునే పనిని, మనం పైసా ఇవ్వకుండా, అర గంట శిక్షణ కూడా లేకుండా, కంపెనీలో షిఫ్టు చేసి వచ్చిన ఆడమనిషి చేత చేయిస్తున్నాం.

జబ్బుపడింది ఆడపిల్ల అయితే కథ ఇంకా చీకటి. పదిమందికి ఒకటే బాత్రూం ఉండే అద్దె ఇళ్లలో, మళ్లీ మళ్లీ ఎత్తుకెళ్లమని అడగలేక నీళ్లు తాగడం తగ్గించుకుంటారు. దాంతో మూత్రంలో ఇన్ఫెక్షన్. దాన్ని డాక్టరు జబ్బు ఖాతాలోనే రాస్తారు.

సర్కారు ఏమిస్తోంది? 2021 మార్చిలో కేంద్రం అరుదైన వ్యాధుల జాతీయ విధానం తెచ్చింది. మొదట గుర్తించిన 8 ప్రత్యేక కేంద్రాల్లో సీడీఎఫ్‌డీతో కలిపి నిమ్స్ ఒకటి. మరుసటి ఏడాది సాయాన్ని రూ.50 లక్షల వరకు పెంచారు. డుషేన్‌నూ, వెన్నెముక కండరాల క్షీణత ఎస్ఎంఏనూ మందులు విపరీతంగా ఖరీదయ్యే మూడో గ్రూపులో పెట్టారు. ఎస్ఎంఏకు వాడే ఒక్క ఇంజెక్షన్ ధర రూ.16 కోట్లు. 2021లో హైదరాబాద్‌లో ఒక పసివాడి కోసం వేలమంది చందాలు వేసి ఆ డబ్బు పోగుచేశారు, మంచిదే. కానీ ఆన్‌లైన్‌లో ఫొటో పెట్టి ఇంగ్లిష్‌లో విన్నపం రాయగల కుటుంబం ఏది, రాయలేని కుటుంబం ఏది? పైగా యాభై లక్షలైనా ఆసుపత్రికే వెళ్తాయి. 2023 డిసెంబర్‌లో రూ.10 లక్షలకు పెంచిన ఆరోగ్యశ్రీ కూడా ఆసుపత్రి మంచానికే. ఇంట్లో మంచానికి ఏమీ లేదు.

నాచారం కార్మికవాడ, ఇక్కడ ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. ఈఎస్ఐలో 34 దీర్ఘకాల జబ్బులకు రెండేళ్ల దాకా జీతంలో 80 శాతం ఇచ్చే పద్ధతి ఉంది, నరాల కండరాల క్షీణత ఆ జాబితాలో ఉంది. అయితే జబ్బు కార్మికుడికే రావాలి. కొడుక్కి వస్తే వైద్యం ఉంటుంది. వాణ్ని చూసుకోవడానికి పని మానేసిన తల్లికి మాత్రం పైసా రాదు. పని మానేశాక కొంతకాలానికి ఆ కార్డు కూడా చెల్లదు. కార్డే లేని కాంట్రాక్టు కూలీల సంగతి వేరే చెప్పాలా?

2016 వికలాంగుల హక్కుల చట్టం మస్క్యులర్ డిస్ట్రఫీని, పార్కిన్సన్స్‌ను, మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. అధిక ఆసరా అవసరమైనవాళ్లకు సంరక్షకుల భత్యం ఇవ్వాలని 24వ సెక్షన్‌లో రాసింది. కేరళ ‘ఆశ్వాసకిరణం’ పేరుతో మంచాన పడ్డవాళ్లను చూసుకునేవారికి నెలకు రూ.600 ఇస్తోంది, చిన్న మొత్తమే అయినా ఆ చాకిరీకి ఒక పేరు పెట్టింది. ఆంధ్రప్రదేశ్ 2024 జూలై నుంచి తీవ్ర కండరాల క్షీణత ఉన్నవాళ్లకు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు నెలకు రూ.15,000 పింఛను ప్రకటించింది. అదే ప్రభుత్వం 2025 జనవరి నుంచి వైద్య బృందాలను ఇళ్లకు పంపి మళ్లీ తనిఖీలు మొదలుపెట్టింది. దొంగ సర్టిఫికెట్లు ఏరేయాల్సిందే. కానీ రోజురోజుకూ ముదిరే జబ్బు తగ్గిందేమో అని చూడటం వింతే.

తెలంగాణలో వికలాంగుల పింఛను రూ.4,016. 2023 జూలైలో పెంచిన మొత్తమది. ఆ ఏడాది ఎన్నికల్లో కాంగ్రెస్ దాన్ని ఆరు వేలు చేస్తామంది. ఆ మాట నిలబెట్టుకోమని 2025లో మంద కృష్ణ మాదిగ, వికలాంగుల హక్కుల పోరాట సమితి జిల్లా జిల్లా తిరిగి సభలు పెట్టారు. దండోరా ఉద్యమం వికలాంగుల పక్కన నిలబడటం యాదృచ్ఛికం కాదు. ఒంటిని చూసి మనిషికి విలువ కట్టే పద్ధతి రెండు చోట్లా ఒకటే. అయితే ఆ పోరాటంలో ఒక లోటు చెప్పాలి. ఒంటికాలితో నడిచే మనిషికీ, తల కూడా తిప్పలేని మనిషికీ ఒకే పింఛను అడుగుతున్నాం. చూసుకునే మనిషి కూలి ఇంకా మన డిమాండ్ల పత్రంలోకి రాలేదు. ఏజెన్సీ నుంచి ఇరవై నాలుగు గంటల కేర్‌టేకర్‌ను పెట్టుకోవాలంటే ఆ పింఛనుకు నాలుగైదు రెట్లు కావాలి.

ఆ కేర్‌టేకర్ ఎవరు? ఎక్కువగా మన ఆడవాళ్లే. పరాయి ఒంటిని, మలమూత్రాలను తాకే పని మైలని పెద్దకులాలు దూరంగా ఉన్న రోజుల్లో నర్సింగ్‌లోకి అడుగుపెట్టింది, డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో గుంటూరులో తెరిచిన ఆసుపత్రి లాంటి మిషన్ దవాఖానాల ద్వారా, చాలావరకు క్రైస్తవం పుచ్చుకున్న దళిత స్త్రీలే. ఇప్పుడు బీఎస్సీ నర్సింగ్‌కు, విదేశీ వీసాకు గౌరవం వచ్చింది, అన్ని కులాలూ వచ్చాయి. డైపర్ మార్చే పని మాత్రం కింద మిగిలిపోయింది. ఆ పనిమనిషిని పెద్దాయన ఒళ్లు తుడవడానికి పడకగదిలోకి రానిస్తారు, వంటగదిలోకి రానివ్వరు. గ్లాసు వేరుగా పెడతారు. ఏజెన్సీ కమీషన్ పట్టుకుంటుంది. పేషెంట్ చనిపోయిన రోజే డ్యూటీ అయిపోతుంది, మళ్లీ ఫోన్ వచ్చేదాకా జీతం లేదు.

ఆమె తిరిగొచ్చే ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఉంటే ఎవరు చూడాలి? 2018 నుంచి బస్తీ దవాఖానాలు ఉన్నాయి, వాటిలో నర్సు ఉంది, కానీ ఆమె గడప దాటి ఇంటికి రాదు. వారానికి రెండు పూటలు రావాలని ఒక ఉత్తర్వు చాలు. బస్తీలోని ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, కనీస వేతనంతో, ఈఎస్ఐతో ప్రభుత్వమే సంరక్షకులుగా పెట్టుకోవచ్చు. 2017 ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద దళిత, ఆదివాసీ ఇళ్లకు ముందు అది మొదలుపెట్టమని అడగొచ్చు. ఉప్పల్ నియోజకవర్గంలో కండరాల క్షీణతతో మంచాన ఉన్నవాళ్లు ఎంతమందో, వాళ్లను రాత్రి ఎవరు తిప్పుతున్నారో ఇంటింటికీ వెళ్లి రాసుకోవడం విద్యార్థి సంఘాలు రెండు ఆదివారాల్లో చేయగల పని. ఆ లెక్క పట్టుకుని కలెక్టరేట్‌కు వెళితే 24వ సెక్షన్ గురించి మాట్లాడటం సులువవుతుంది.